గేర్‌బాక్స్ దించకుండానే అసలు లోపం పట్టిన షెడ్డు

40 కిలోమీటర్ల వేగం దాటగానే మా కారు ముందు భాగం నుంచి గరగరమని శబ్దం వస్తుంటే, మొదట చూపించిన వర్క్‌షాపులో బండిని కనీసం నడిపి చూడకుండానే గేర్‌బాక్స్ దించాలన్నారు. మనసొప్పక విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్లాను.

అక్కడి మేస్త్రి గారు ముందుగా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపారు. వేగం మీద న్యూట్రల్‌లో వేసినా శబ్దం తగ్గకపోవడంతో ఇంజిన్, క్లచ్‌లను పక్కన పెట్టారు. కుడివైపు తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడి శబ్దం పెరిగింది, ఎడమవైపు తిప్పితే తగ్గింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించినా టకటకమనలేదు, యాక్సిల్ రబ్బరు బూట్లు చిరగలేదు, గ్రీజు చిమ్మలేదు కాబట్టి యాక్సిల్ చివర ఉండి చక్రాన్ని తిప్పే కీళ్లను, అంటే సీవీ జాయింట్లను కూడా అనుమానించలేదు. తర్వాత బండిని జాకీ మీద ఎత్తి స్టాండ్లు పెట్టి, ఆయన చక్రాన్ని చేత్తో తిప్పుతూ సస్పెన్షన్ స్ప్రింగ్ మీద నన్నే చెయ్యి ఉంచమన్నారు. ఎడమవైపు ఇసుక నలుగుతున్నట్టుండే ఆ అదురు వేళ్లకు స్పష్టంగా తెలిసింది. అరిగిపోయింది చక్రం బేరింగు.

కొత్తది ఒత్తి ఎక్కించే ప్రెస్ యంత్రం మీద ఎక్కించి, చక్రం మధ్యలోని హబ్ నట్టును, ఎంత బిగువు కావాలో అంతే బిగించే టార్క్ రెంచితో బిగించి, మళ్లీ నడిపి చూపించాకే డబ్బు తీసుకున్నారు. బిల్లు మాత్రం అడిగితేనే రాసిచ్చారు, ఆ పద్ధతి మారాలి.