షటిలా, క్రికెట్టా, హకీంపేటా? మా చెల్లి అడిగిన లెక్క

పోయిన వారం సూర్యాపేట నుంచి మా చెల్లి ఫోన్. "అన్నా, మావోడు ఒక్కకాడ కూసోడు. ఏదన్న ఆటల ఏద్దామనుకుంటున్నం. షటిల్ మేలా, క్రికెట్ మేలా? నీకెరికే గద."

నాకు ఎరికే అనడానికి ఆధారం ఒక్కటే. మా పాప మూడేళ్లు బ్యాడ్మింటన్ ఆడింది, ఆ మూడేళ్ల ఖర్చూ నేను ఒక డైరీలో రాశాను. మేనల్లుడిది మూడో తరగతి. బావది చిన్న కిరాణా కొట్టు. ఆ రెండూ మనసులో పెట్టుకుని చదవండి.

అందరూ ముందు "ఫీజెంత?" అని అడుగుతారు. మేం మియాపూర్ దగ్గర కట్టింది నెలకి ఆరు వేలు. నిజానికి దాంతో మాకేం ఇబ్బంది రాలేదు, నెల మొదట్లో పోయే డబ్బు ఎలాగో సర్దుకుంటాం. తరువాత రాకెట్టు. మ్యాచ్ మధ్యలో గట్టింగ్, అంటే రాకెట్ తీగలు, తెగుతుంది కాబట్టి రెండు రాకెట్లు. తెగినప్పుడల్లా ఏడెనిమిది వందలు. కోర్టు బూట్లు వేరే, పాప పాదం ఆరు నెలలకోసారి ఒక సైజు పెరిగేది. ఇదంతా కూడా మోయొచ్చు. మా నడ్డి విరిచింది షటిల్ కాక్.

ఈక షటిల్‌కి పదహారు ఈకలు, బాతువో పెద్దబాతువో. గట్టిగా ఆడేవాళ్లు గంటలో రెండు మూడు చంపేస్తారు. ఒక్క ఈక విరిగినా అది వంకరగా పోతుంది, కోచ్ పక్కన పారేస్తాడు. ప్లాస్టిక్‌వి వాడదామంటే వాటి పోకడ వేరు, చెయ్యి పాడవుతుందంటాడు. ఈకలు ఎక్కువగా చైనా నుంచే రావాలి. అక్కడ బాతుల పెంపకం తగ్గిందని 2025లో రేట్లు ఒక్కసారిగా ఎగిరాయి. డబ్బా కొన్న రాత్రి నేను మూత తీసి ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పట్టేవాణ్ణి. కాస్త తేమ తగిలితే ఈక తొందరగా విరగదు. "రేపు పొద్దున ఇడ్లీల్లో ఈకలొస్తాయి" అని మా ఆవిడ గొణిగేది. కోచ్ వరసగా షటిళ్లు విసిరే మల్టీ షటిల్ ప్రాక్టీసుకి అకాడమీలు అమ్మే పాతవి సగం ధరకే తెచ్చేవాణ్ణి. అయినా ఏడాది చివర కూడితే షటిళ్ల కాలమ్ ఫీజు కాలమ్‌ని దాటేసింది.

ఇక టోర్నమెంట్లు. జిల్లా, రాష్ట్రం వరకు పర్వాలేదు. ర్యాంకింగ్ కావాలంటే బయటి రాష్ట్రాలకు పోవాలి, చిన్నపిల్ల కాబట్టి ఇద్దరికీ టికెట్లు. ఒకసారి భోపాల్ వెళ్లాం. క్వాలిఫయింగ్ మొదటి రౌండులోనే 21-9, 21-11తో ఓడిపోయింది. పద్దెనిమిది నిమిషాలు. రైలు, లాడ్జి, తిండి కలిపి పద్నాలుగు వేలు. తిరుగు రైల్లో నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తీస్తే, "నిమిషానికి ఎంత పడిందో లెక్కెయ్యకు నాన్నా" అంది పాప. వేశాను. ఏడొందల డెబ్బై ఏడు.

2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తరువాత ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టిన పుల్లెల గోపీచంద్, డబ్బున్నవాళ్లో కుటుంబ వ్యాపారం ఉన్నవాళ్లో అయితే తప్ప పిల్లల్ని ఆటల్లో వేయొద్దని 2025 ఫిబ్రవరిలో అన్నారు. చదవగానే నాకు కోపమొచ్చింది. ఆయనే ఇలా అంటే ఎలా అని. తరువాత డైరీ తిరగేశాను, కోపం పోయింది.

సింధు మారేడుపల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ పోయి వచ్చేదని స్ఫూర్తి కోసం చెబుతారు. అదే కథలో అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లని, ఇద్దరికీ రైల్వే ఉద్యోగాలని కూడా ఉంది. సైనా శిక్షణ కోసం వాళ్ల నాన్న పీఎఫ్ డబ్బు తీశారు. నేను ఈ కథల్ని బిల్లుల్లా చదవడం మొదలుపెట్టాను. చదరంగం చవక అనేవాళ్లకూ ఇదే మాట. బోర్డు చవకే, కానీ కోనేరు హంపికి ఆట నేర్పడానికి వాళ్ల నాన్న లెక్చరర్ ఉద్యోగం మానేశారు. రేటింగ్ టోర్నమెంట్లకి రైలు టికెట్లు అక్కడా ఉన్నాయి.

క్రికెట్ సంగతి వేరు. మొదట్లో ఏమీ అడగదు. ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్ టెన్నిస్ బాల్‌తో ఆడుతూ పెరిగాడు, 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికాడు. మా చెల్లి నోట కూడా ముందు ఆ పేరే వచ్చింది. కానీ సిరాజ్ బౌలర్. బౌలర్‌కి కావాల్సింది మంచి బూట్లు, బంతి. బ్యాటర్‌కి ప్యాడ్లు, గ్లవ్స్, థై గార్డ్, హెల్మెట్, ఆపైన బ్యాటు. కాశ్మీర్ విల్లో చెక్క బ్యాటు మూడు వేలకు వస్తుంది. లెదర్ బంతి గట్టిగా ఆడేసరికి ఇంగ్లిష్ విల్లో అంటారు, అక్కడ ధర పది వేలు దాటాకే మాట మొదలవుతుంది. పిల్లాడు పెరిగేకొద్దీ బ్యాటు సైజూ మారాలి: 5, 6, హ్యారో, షార్ట్ హ్యాండిల్. తమ్ముడుంటే పాతది పనికొస్తుంది, మా మేనల్లుడికి తమ్ముడు లేడు. పైగా నెట్స్‌లో ముప్పై నలభై మంది. బ్యాటింగ్‌కి దొరికేది ఐదారు నిమిషాలు. మిగతా రెండు గంటలూ ఎండలో బంతులేరడమే.

నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టినప్పుడు స్టాండ్స్‌లో వాళ్ల నాన్న కన్నీళ్లు అందరం చూశాం. కొడుకు ఆట కోసం ఆయన హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నారు. అంటే ఒక జీతం పోయింది. బావ పొద్దున్నే కొట్టు మూసేసి వాణ్ణి తిప్పగలడా?

అందుకే మూడో దారి చెప్పాను. హైదరాబాద్ దగ్గరి హకీంపేట స్పోర్ట్స్ స్కూల్. ప్రభుత్వానిది, నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. చదువు, హాస్టల్, తిండి, కోచింగ్, దేనికీ రూపాయి పెట్టక్కర్లేదు. ఎత్తు, బరువు, ముప్పై మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్ (గీతల మధ్య అటూఇటూ ఉరకడం), మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు, ఇవీ పరీక్షలు. ఏ ఆటకి పనికొస్తాడో తరువాత వాళ్లే చూస్తారు, అది వెయిట్‌లిఫ్టింగ్ కూడా కావచ్చు. మనం షటిల్ అనుకుంటే షటిలే రాదు. నా దృష్టిలో అది లోపం కాదు. ఎనిమిదేళ్లకు పిల్లాడి ఆట ఏదో తండ్రికేం తెలుసు? నాకు తెలియలేదు.

సీటు రాకపోతే అథ్లెటిక్స్. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజీ బడి మైదానంలో మొదలుపెట్టి, హైదరాబాద్‌లో సాయ్ (కేంద్ర క్రీడా ప్రాధికార సంస్థ) హాస్టల్‌కి చేరి, వంద మీటర్ల హర్డిల్స్ 13 సెకన్లలోపు పరుగెత్తిన తొలి భారత మహిళ అయింది. పన్నెండేళ్ల దాకా పరుగెత్తడం, దూకడం చాలు. ఆ కాళ్లు తరువాత ఏ ఆటకైనా పనికొస్తాయి. ఆపైన క్రికెట్ అంటే బౌలింగ్. షటిల్ అంటే సరదాకి, ప్లాస్టిక్ కాక్‌తో. ఈక షటిల్ జోలికి మాత్రం ఆ కొట్టు ఆదాయంతో వెళ్లొద్దని గట్టిగానే చెప్పాను. కేంద్రం పెట్టిన ఖేలో ఇండియా పథకం కింద ఏడాదికి 6.28 లక్షల సాయం ఉంది కదా అన్నాడు బావ. ఉంది, ఎంపికయ్యాక. అక్కడి దాకా చేరడానికి అయ్యేది మన జేబులోంచే. స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగ్ సీటొస్తుందని ఇంకొందరంటారు. కోటా అర శాతం. దానికోసమే అయితే మ్యాథ్స్ ట్యూషన్ చవక.

చెల్లి అంతా విని, "హాస్టలా? వాడింక రాత్రి నా కొంగు పట్టుకునే పంటడన్నా" అంది. దానికి నా డైరీలో జవాబు లేదు. "ముందు 800 మీటర్లు ఎంతసేపట్ల ఉరుకుతడో చూడు" అన్నాను.

ఆదివారం వాట్సాప్‌లో స్టాప్‌వాచ్ ఫొటో పంపింది. 3 నిమిషాల 20 సెకన్లు. కింద ఒక లైను: "చెప్పుల్లేకుండ."