చిన్న బృందంతో లేపాక్షి, తాడిపత్రి, గండికోట: కొన్నేళ్లుగా వెళ్తున్నాక నా సమీక్ష

సెలవు రోజుల్లో ఎనిమిది పది మందిని వెంటబెట్టుకుని గుళ్లు, కోటలు చూపించే టూర్లు మా అనంతపురంలో ఇప్పుడు బాగానే నడుస్తున్నాయి. వాటిలో ఒకదానితో నేను కొన్నేళ్లుగా వెళ్తున్నాను. లేపాక్షికి వాళ్లతో ఎండాకాలంలో వెళ్లాను, ముసురులో వెళ్లాను, ఒకసారి మా అమ్మను కూడా తీసుకెళ్లాను. చూసిన గుడినే మళ్లీ డబ్బులిచ్చి ఎందుకు చూస్తావని ఇంట్లో అడుగుతారు. వాళ్లకు చెప్పే జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు తేల్చి చెప్పేస్తాను. లేపాక్షికి, తాడిపత్రికి గైడు కోసం పెట్టే ప్రతి రూపాయీ సార్థకమే. గండికోటకు మాత్రం గైడు కన్నా టైము ముఖ్యం. అక్కడికి సొంతంగా వెళ్లినా నష్టం లేదు.

ఏర్పాట్లు మామూలే. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌లో డ్రైవరు, గైడు కాక ఎనిమిది నుంచి పది మంది. ఉదయం ఆరింటికి బయల్దేరతాం. దారిలో ఉగ్గాని బజ్జీ, కాఫీ. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్లదే. నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే పడే ఖర్చుతో పోలిస్తే మనిషికి సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఆ ఎక్కువ సొమ్మంతా గైడు కోసమే అనుకోవాలి.

లేపాక్షి టూరులో ముందు పెనుకొండలో ఆపుతారు. మొదట్లో నాకిది దండగ అనిపించేది. రెండోసారికి దాని అవసరం అర్థమైంది. లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పెనుకొండలో విజయనగర కొలువు చేసినవాళ్లు. అచ్యుతదేవరాయల కాలం, అంటే 1529 నుంచి 1542 మధ్య. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక రాజధానే పెనుకొండకు వచ్చింది. కొండ కింద గగన్ మహల్ ముందు నిలబడి ఈ సంగతులు విని, అక్కణ్ణుంచి లేపాక్షికి వెళ్తే, గుడిలో కనిపించే విరూపణ్ణ కథలో మనిషిలా కాక ఈ ప్రాంతంలో ఉద్యోగం చేసిన అధికారిలా కనిపిస్తాడు.

ఇక లేపాక్షి. చాలామంది ఇక్కడికి వేలాడే స్తంభం, అంటే నేలకు పూర్తిగా ఆనని రాతి స్తంభం కోసం వస్తారు. దాని కింద నుంచి చున్నీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు లాగి, ఫొటో తీసుకుని, బసవన్న దగ్గర ఇంకో ఫొటో తీసుకుని ముప్పావు గంటలో బస్సెక్కేస్తారు. మా గైడు ఆ స్తంభాన్ని ఆఖరున చూపిస్తాడు. అతనిది హిందూపురం పక్క ఊరు, చరిత్రలో ఎం.ఏ. చేశాడు. లోపలికి అడుగు పెట్టగానే మమ్మల్ని నాట్యమంటపం నడి మధ్యకు తీసుకెళ్లి నిలబెడతాడు. చుట్టూ ఉన్న స్తంభాల మీద కచేరీ జరుగుతూ ఉంటుంది. రంభ నాట్యం, బ్రహ్మ మృదంగం, తుంబురుడి వీణ, మూడు కాళ్ల భృంగి. ఒక్కొక్క స్తంభం దగ్గరకు వెళ్లి చూస్తే విడివిడి శిల్పాలే. మధ్యలో నిలబడి చుట్టూ తిరుగుతూ చూస్తేనే అదంతా ఒక సభ అని, మనం ఆ సభ మధ్యలో ఉన్నామని తెలుస్తుంది. ఆ చోట ఎనిమిది మంది హాయిగా నిలబడొచ్చు. ముప్పై మంది వస్తే ఒకరి తలలు ఒకరికి అడ్డం.

ఆ తర్వాత పైకప్పు. నా దృష్టిలో ఈ టూరు మొత్తానికి ఇదే ప్రాణం. విజయనగర కాలపు చిత్రాలు ఇంత పెద్ద ఎత్తున మిగిలిన చోట్లు చాలా తక్కువ. ఎర్రటి నేపథ్యం మీద నల్లటి గీతలు, పసుపు, ఆకుపచ్చ. గిరిజా కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుడి కథ, కిరాతార్జునీయం అన్నీ పట్టీలు పట్టీలుగా పైన సాగిపోతుంటాయి. తలెత్తి ఒక నిమిషం చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. మంటపంలో వెలుతురు తక్కువ, రంగులు చాలా చోట్ల వెలిసిపోయాయి, పెచ్చులు ఊడిన చోట ఎవరి చెయ్యి ఎవరిదో తెలియదు.

గైడు దగ్గర ఒక బైనాక్యులర్స్ ఉంటుంది. మమ్మల్ని స్తంభాలకు వీపు ఆనించి కూర్చోమంటాడు. "అక్కా, దాన్ని ఒక్క బొమ్మగా చూడొద్దు. వరసగా చదువుకుంటా రండి. అర్జునుడు ఎన్నిసార్లు కనపడతాడో చెప్పండి చూద్దాం" అంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు చూడటం. తపస్సు చేసే అర్జునుడు, దూసుకొచ్చే పంది, రెండు వైపుల నుంచి రెండు బాణాలు, కిరాతుడి వేషంలో శివుడు. ఒకే మనిషి ఒక పట్టీలో మళ్లీ మళ్లీ వస్తున్నాడంటే కాలం ముందుకు నడుస్తోందన్నమాట. ఈ ఒక్క కిటుకు చెప్పాక మిగతా చిత్రాలు మనమే చదువుకోవచ్చు. మా అమ్మకు మోకాళ్ల నొప్పి, ఎక్కడా ఎక్కువసేపు కూర్చోలేదు. ఆ రోజు బైనాక్యులర్స్ కళ్ల నుంచి దించకుండా, పార్వతి పెళ్లికి వచ్చిన ఆడవాళ్ల చీరలు, అంచులు, కొప్పులు ఒక్కొక్కటీ పైకి చెప్పుకుంటూ కూర్చుంది. "అమ్మా, మీరు చెప్తాంటే నేను వింటా" అని గైడు పక్కన కూర్చున్నాడు. పెద్ద బృందంలో ఇది ఎలా జరుగుతుంది? ఒక్క బైనాక్యులర్స్ ముప్పై చేతులు మారేసరికి గుడి మూసేస్తారు.

లోపలి అర్ధమంటపం పైకప్పు మీద చాలా పెద్ద వీరభద్రుడి చిత్రం ఉంది. దాని పక్కనే విరూపణ్ణ, వీరణ్ణ, పరివారం. పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకుని ఉంటారు. కట్టించిన మనుషుల ముఖాలు ఆ కట్టడంలోనే చూడగలగడం నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరించే విషయం.

గైడులో నాకు బాగా నచ్చిన గుణం ఇంకొకటి ఉంది. జనం చెప్పుకునే కథను కథగా, శాసనంలో ఉన్నదాన్ని శాసనంగా విడదీసి చెబుతాడు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టినందుకు శిక్ష పడబోతోందని తెలిసి విరూపణ్ణ తన కళ్లు తనే పెరికి గోడకు కొట్టాడనే కథ ఉంది. గోడ మీద ఎర్రటి మరకలు కూడా చూపిస్తారు. మా గైడు కథంతా మనసు పెట్టి చెబుతాడు, చెప్పాక "ఇది జనం నోట బతికిన మాట" అని కలుపుతాడు. నాగలింగం దగ్గరా అంతే. వంట అయ్యేలోపు శిల్పులు ఆ ఏడు పడగల పామును చెక్కేశారన్న కథ చెప్పి, అదంతా ఒకే బండ అని, ఆ బండ అక్కడ ముందు నుంచీ ఉన్నదేనని చూపిస్తాడు. గుడి కట్టిందే కూర్మశైలం అనే రాతి గుట్ట మీద. దూరాన ఒంటి రాతి బసవన్న ఈ నాగలింగం వైపే చూస్తుంటాడు.

పూర్తికాని కల్యాణమంటపాన్ని టూరు బస్సులు పట్టించుకోవు. మాకు మాత్రం అక్కడ మంచి పాఠం దొరుకుతుంది. కప్పు లేదు కాబట్టి స్తంభాల మీద ఎండ నేరుగా పడుతుంది, ఏ శిల్పం ఎంత లోతుగా చెక్కారో నీడను బట్టి తెలుస్తుంది. పక్కన లతామంటపంలో స్తంభం స్తంభానికీ తీగలు, పువ్వులు, గళ్లు మారిపోతుంటాయి. చీరల మీద లేపాక్షి డిజైన్ అని వేసేవి ఇవే.

వేలాడే స్తంభం దగ్గరకు వచ్చేసరికి అందరూ అలసిపోయి ఉంటారు, అది మంచిదే. మండపంలో సుమారు డెబ్బై స్తంభాలు, వాటి మీద దూలాలు. బరువంతా దూలాల మీదుగా మిగతా స్తంభాలకు చేరుతుంది కాబట్టి ఒకటి నేలకు పూర్తిగా ఆనకపోయినా కప్పు నిలబడుతుందని చెబితే, పక్కన ఉన్న ఇంటర్ కుర్రాడికి కూడా అర్థమైంది.

తాడిపత్రి గురించి జనం తక్కువ మాట్లాడతారు. నాకు మాత్రం లేపాక్షి తర్వాత అదే. మా ఇళ్లలో పరిచిన నాపబండలు ఆ ఊరి నుంచే వస్తాయి. దారి పొడవునా పాలిష్ ఫ్యాక్టరీలు, రాతి దుమ్ము. ఆ దుమ్ము దాటి పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి చేరితే రెండు గోపురాలు కనిపిస్తాయి. పైన అంతస్తులు లేవు. కింద రాతి భాగం మాత్రం వేలెడంత చోటు వదలకుండా చెక్కేశారు. 19వ శతాబ్దపు వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ ఈ గోపురాలను ఎంతో మెచ్చుకున్నాడు. గోపురం అంటే మనకు పైకి చూడటమే అలవాటు. ఇక్కడ ఆ పైభాగం లేకపోవడంతో చూపు కిందనే ఆగి, అడుగుభాగంలోని మలుపులు, దిమ్మెలు, తోరణాలు కళ్లకు సమానంగా వస్తాయి. గైడు మమ్మల్ని గోపురం చుట్టూ మూడుసార్లు తిప్పుతాడు. మొదటి చుట్టు కిందివరస, రెండోది నడుం ఎత్తు, మూడోది తల ఎత్తు. గర్భగుడిలో లింగం కింద ఊరే నీటి బుగ్గే ఆ స్వామి పేరుకు మూలం.

అదే ఊళ్లో చింతల వెంకటరమణస్వామి గుడి. రాతి రథంలా కట్టిన గరుడ మంటపం, గోడల మీద రామాయణ ఘట్టాలు. ఈ రెండు గుళ్లూ విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల కాలపు నిర్మాణాలు. ఒక జాగ్రత్త: మధ్యాహ్నం గుళ్లు మూస్తారు, కాబట్టి ఉదయమే తాడిపత్రి పెట్టే టూరునే ఎంచుకోండి. గండికోట ముందు చూపించి మధ్యాహ్నం తాడిపత్రి అంటే ఒప్పుకోకండి.

గండికోటకు వచ్చేసరికి నా మాట మారుతుంది. అక్కడి మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కన పెద్ద ధాన్యాగారం, అన్నీ చూడాల్సినవే. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ కోటలోనే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. ఈ సంగతులు గంటలో చెప్పేయొచ్చు. ఆ తర్వాత కావాల్సింది పెన్న గండి అంచున ఊరికే కూర్చోవడం. టూరు వాళ్లకు మాత్రం తర్వాతి చోటు తొందర. నాకు అక్కడ బాగా గుర్తుండిపోయిన మాట రాళ్ల గురించి. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి ఎర్రరాతి పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనీ, దాని కింది పొరకు తాడిపత్రి పేరూ పెట్టారు. వంద కోట్ల ఏళ్లు పైబడిన రాళ్లు. కోట గోడలు ఆ లోయ గోడల్లో కలిసిపోయి ఎందుకు కనిపిస్తాయో అప్పుడు తెలిసింది. అంతకు మించి ఇక్కడ గైడు అవసరం పడదు. సొంతంగా వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున గండి చూడండి.

ఒంటిమిట్టను కడప టూరు చివర అరగంటలో కుక్కేస్తారు. కోదండరాముడి దర్శనమే ముఖ్యం అనుకునేవాళ్లకు చాలు. రంగమంటపంలో ముప్పై రెండు స్తంభాలు చూడాలనుకునేవాళ్లకు చాలదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఒక దసరా సెలవుల్లో నేను వేరే నిర్వాహకుడితో వెళ్లాను. చిన్న బృందం అని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. తీరా చూస్తే రెండు బండ్లు, రెంటికీ ఒకే గైడు. అతను మైకు పట్టుకున్నాడు. గుడిలో పూజ జరుగుతుంటే మైకులో చరిత్ర. అర్చకులు మందలించారు, అది న్యాయమే. పైకప్పు దగ్గర మూడు నిమిషాలు. ఆ రోజు పోయింది డబ్బు కాదు, మొదటిసారి వచ్చినవాళ్లకు లేపాక్షే పోయింది. బెంగళూరు నుంచి వచ్చిన ఒక జంట "ఇంతేనా" అని వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ బాధే. మా నిర్వాహకుడిలోనూ ఒక లోపం ఉంది. ధర్మవరంలో చీరల దుకాణం దగ్గర ఆపేవాడు, గంటన్నర పోయేది. అందరం గట్టిగా అడిగాక దుకాణం మానేసి, ఒక మగ్గం ఇంటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. లతామంటపం గళ్లు చూసిన కళ్లతో మగ్గం మీద అంచు చూడటం చాలా బాగుంది. అమ్మకం ఒత్తిడి లేదు.

మార్చి నుంచి మే వరకు లేపాక్షికి వెళ్లొద్దంటాను. చెప్పులు బయట వదిలాక ఆ బండల మీద నడవడం పెద్దవాళ్లకు నరకం. తప్పనిసరైతే మందపాటి సాక్సులు పెట్టుకోండి, తొమ్మిదిలోపు లోపల ఉండేలా చూసుకోండి. పెద్దవాళ్లుంటే టాయిలెట్ కోసం ఎక్కడ ఆపుతారో ముందే అడగండి, వాష్‌రూమ్ సంగతి చివరి నిమిషంలో తేలితే అందరికీ టెన్షనే. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

డబ్బు కట్టే ముందు ఫోన్‌లో మూడు సంగతులు తేల్చుకోండి. మొత్తం ఎంతమంది, పైకప్పు చిత్రాలకు ఎంతసేపు ఇస్తారు, దారిలో ఏ దుకాణం దగ్గరైనా ఆపుతారా. జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే వదిలేయండి.

ఈ చలికాలంలో కర్నూలు మీదుగా అలంపురం పెట్టమని అడిగాం. తుంగభద్ర దాటితే తెలంగాణ, బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికే తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గైడు ఒప్పుకున్నాడు, ఎనిమిది మంది కుదిరితే వెళ్దామన్నాడు. పది దాటితే నా పేరు తీసేయమని ముందే చెప్పాను.