జాకీ చాన్ ఒకవైపు, జెట్ లీ ఇంకోవైపు

ఇద్దరూ కుంగ్‌ఫూ హీరోలే, వచ్చిన దారులు మాత్రం వేరు. జాకీ హాంకాంగ్‌లో పెకింగ్ ఒపేరా (చైనా సంప్రదాయ సంగీత నాటకం) బడిలో పాట, నటన, పిల్లిమొగ్గలు నేర్చుకుంటూ, గురువుగారి బెత్తం దెబ్బలు తింటూ పెరిగాడు. జెట్ లీ బీజింగ్ వుషు (చైనా యుద్ధవిద్య) జట్టు పిల్లాడు, 1974లో 11 ఏళ్లకే అమెరికా వెళ్లి అక్కడి అధ్యక్షుడు నిక్సన్ ముందు విద్య చూపించాడు.

తేడా బాగా తెలియాలంటే వాంగ్ ఫీహంగ్ పాత్ర చూడాలి. నిజంగా బతికిన వైద్యుడు, యుద్ధవిద్యల గురువు ఆయన. 1978లో జాకీ ఆయన్ని తాగి తూలుతూ తన్నే అల్లరి కుర్రాడిగా చేస్తే, 1991లో జెట్ లీ అదే మనిషిని గొడుగు చేత్తో పట్టుకుని, బట్టలు నలగకుండా గుంపుని పడగొట్టే పెద్దమనిషిగా నిలబెట్టాడు.

జెట్ లీ గాల్లో తేలితే వెనక తీగలున్నాయని తెలిసినా చూడబుద్ధేస్తుంది, ఎందుకంటే ఆ చేతుల్లో పొందిక అలాంటిది. జాకీ పడితే నిజంగానే పడ్డట్టు (యుగోస్లావియా షూటింగ్‌లో చెట్టు మీంచి పడి పుర్రె పగిలింది కూడా), పైగా ఆ పొరపాట్లన్నీ సినిమా చివర్లో వేసి నవ్విస్తాడు.

ఫైట్ అందం కావాలంటే జెట్ లీ. ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుంటే మాత్రం నేను జాకీనే పెడతాను.