సత్యభామ వేషం ఎవరికి: పురుషుడికా, స్త్రీకా?

సత్యభామ గర్వం, కృష్ణుడి కోసం ఆమె పడే విరహం కథగా సాగే కూచిపూడి నృత్యనాటకం భామాకలాపం. సంప్రదాయంగా పురుషులే వేస్తూ వచ్చిన వేషం ఇది కాబట్టి, దాన్ని వేయబోయే బృందాలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఖర్చు: పెద్ద తేడా ఉండదు.

శ్రమ: పురుషుడు నడక, చూపు, గొంతు అన్నీ ఏళ్ల తరబడి మలచుకోవాలి. స్త్రీకి ఆ భారం తక్కువ. అభినయ సాధన మాత్రం ఇద్దరికీ ఒకటే.

ముప్పు: తెర మీదుగా జడ వేసి భామ ప్రవేశించే ఘట్టమే చూడండి. స్త్రీ వేషాలకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మ వంటి వారు వేసినప్పుడు అది అద్భుతం. సరైన తర్ఫీదు లేనివాడు వేస్తే అది వెకిలి హాస్యమవుతుంది. ఆడతనాన్నే ఎగతాళి చేసినట్టు! అయితే ఎంత గొప్పగా వేసినా అది పురుషులు ఊహించిన స్త్రీత్వమే, విరహమంతా కృష్ణుడి చుట్టూనే. స్త్రీ వేసినా పాత హొయలనే అనుకరిస్తే మార్పేమీ ఉండదు.

సంప్రదాయ రూపాన్ని చూపాలనుకుంటే తర్ఫీదున్న పురుషుడికి ఇవ్వండి. భామ గర్వంలోని ఆత్మగౌరవాన్ని వినిపించాలనుకుంటే స్త్రీకే ఇవ్వండి.