బడి పిల్లల బేస్‌బాల్‌కు చెక్క బ్యాటా, అల్యూమినియం బ్యాటా: ఏది మేలు?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల బేస్‌బాల్ ఆడే పిల్లలు క్రికెట్ ఆడేవారితో పోలిస్తే చాలా తక్కువ. ఆ ఆట ఉన్న బడుల్లోనూ బ్యాటు కొనేటప్పుడు ముందుగా ఆలోచించేది మన్నిక గురించే. చెక్క బ్యాటు విరిగితే మళ్లీ కొనాలి, అల్యూమినియం బ్యాటు ఏళ్ల తరబడి వస్తుంది కనుక రెండో దాని వైపే మొగ్గు చూపుతారు. డబ్బు లెక్క తప్పని నేను అనను. అయితే ఆ బ్యాటు నుంచి దూసుకువచ్చే బంతికి ఎదురుగా నిలబడే పిల్లవాడి గురించి అంతకన్నా ముందు ఆలోచించాలి.

క్రికెట్‌లో బంతిని మైదానంలో ఏ దిక్కుకైనా కొట్టవచ్చు. బేస్‌బాల్‌లో చెల్లే దెబ్బ ముందున్న 90 డిగ్రీల కోణంలోనే సాగాలి, ఆ కోణానికి నట్టనడుమ బంతి విసిరే ఆటగాడు, అంటే పిచర్ ఉంటాడు. పెద్దల మైదానంలో అతడు నిలబడే చోటికీ, బ్యాటరు దగ్గర ఉండే హోం ప్లేటుకూ మధ్య దూరం 18.44 మీటర్లు, విసురుతూ ముందుకు అడుగు వేసేసరికి అది ఇంకా తగ్గిపోతుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో బంతి తిరిగి వస్తే అతడికి చిక్కే వ్యవధి సుమారు 0.4 సెకను, కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి కదలడం మొదలయ్యేసరికే అందులో దాదాపు సగం గడిచిపోతుంది. బ్యాటరు తలకు హెల్మెట్ ఉంటుంది, పిచర్‌కు సాధారణంగా చేతి గ్లవ్ తప్ప మరో రక్షణ ఉండదు.

చెక్క బ్యాటు నిండు కర్ర. బంతి తగిలినప్పుడు కర్ర పెద్దగా నొక్కుకుపోదు, బంతే బాగా నొక్కుకుపోయి తన శక్తిలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. అల్యూమినియం బ్యాటు లోపల బోలు, దాని గోడ పలుచన. బంతి తగలగానే ఆ గోడ కొద్దిగా లోపలికి వంగి, వెంటనే తిరిగి పొంగి, ఆ శక్తిని బంతికి అప్పగిస్తుంది. పైగా బరువు చేతుల వైపు ఎక్కువగా చేరడం వల్ల బ్యాటును త్వరగా తిప్పవచ్చు, సరిగ్గా నడిమధ్యన తగలకపోయినా బంతి గట్టిగానే వెళుతుంది. కార్బన్ పీచు వంటి పదార్థాల పొరలతో చేసే కాంపోజిట్ బ్యాట్లలో మరో చిక్కు ఉంది: వాడేకొద్దీ లోపలి పొరలు సడలి, కొత్తప్పటి కన్నా పాతబడ్డాకే బంతి మరింత వేగంగా వెళ్లే అవకాశం ఉంటుంది.

అమెరికాలో కళాశాలల పోటీల్లో అల్యూమినియం బ్యాట్లను 1974 నుంచి అనుమతించారు. తయారీ మెరుగుపడేకొద్దీ బంతి వేగమూ పెరిగింది, పిచర్లు తీవ్రంగా గాయపడిన ఘటనలు జరిగాయి, న్యూయార్క్ నగరం 2007లో ఉన్నత పాఠశాలల పోటీల్లో లోహపు బ్యాట్లను నిషేధించింది. ఆ తరువాత కళాశాలలకు 2011 నుంచి, ఉన్నత పాఠశాలలకు 2012 నుంచి బీబీసీఓఆర్ అనే ప్రమాణం తప్పనిసరి అయింది. బంతి బ్యాటును సమీపించే వేగంలో ఎంత వంతుతో దాని నుంచి వెనుదిరుగుతుందో కొలిచి, ఆ విలువ 0.50 దాటకూడదని ఆ ప్రమాణం నిర్దేశిస్తుంది. మంచి చెక్క బ్యాటు కూడా దాదాపు అక్కడే ఉంటుంది. కాబట్టి ఆ ప్రమాణానికి తగినదని ముద్ర ఉన్న లోహపు బ్యాటు చెక్క దానికన్నా ఎంతో ప్రమాదకరమని చెప్పడం న్యాయం కాదు.

మన దగ్గర చిక్కంతా ఆ ముద్ర లేని బ్యాట్లతోనే. ఆటవస్తువుల దుకాణంలో చవకగా దొరికే అల్యూమినియం బ్యాటు మీద ఏ ప్రమాణం ముద్రా లేకపోతే, దాని గోడ మందమెంతో, బంతిని ఎంత వేగంతో పంపుతుందో అమ్మేవారికీ కొనేవారికీ తెలియదు. అలాంటి దానితో పదహారేళ్ల బలమైన కుర్రవాడు బంతిని కొడుతుంటే ఎదురుగా మరో పిల్లవాడిని నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. ముద్ర లేని లోహపు బ్యాటు, నాణ్యమైన చెక్క బ్యాటు అనే రెండే దారులుంటే సందేహం లేకుండా చెక్కదే మేలు.

అయితే చెక్క బ్యాటుకూ తనదైన ప్రమాదం ఉంది. అది విరిగినప్పుడు మొన తేలిన ముక్క ఈటెలా ఎగిరి వెళ్లగలదు. అమెరికాలోని అగ్రశ్రేణి వృత్తి పోటీలైన మేజర్ లీగ్‌లో మేపుల్ అనే చెట్టు కర్రతో చేసిన బ్యాట్లు ముక్కలై ఎగరడం 2008లో పెద్ద ఆందోళన కలిగించింది. అక్కడి అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల నిపుణులు విరిగిన ముక్కలను పరీక్షించి, కర్రలోని పీచు బ్యాటు పొడవుకు సమాంతరంగా కాక ఏటవాలుగా సాగడం ఒక ముఖ్య కారణమని తేల్చారు. ఆ వాలు 3 డిగ్రీలకు మించకూడదన్న నిబంధన అలా వచ్చింది. బ్యాట్లకు వాడే మరో చెట్టు యాష్ కర్రలో పీచు గీతలు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి, మేపుల్‌లో అంతగా కనిపించవు కనుక పిడి మీద సిరా చుక్క వేసి, అది పాకిన దిశను బట్టి వాలు చూస్తారు.

ఖర్చు తగ్గుతుందని మన వడ్రంగి చేత ఏదో ఒక కర్రను లేతు మీద తిప్పించి బ్యాటు చేయించడం నేను సమ్మతించలేను. అతడి పనితనంలో లోపమేమీ లేదు, కానీ ఆ దెబ్బకు తట్టుకునే కర్రను ఎంచి, తగినంత ఆరబెట్టి, పీచు వాలు చూసి తీసుకుంటేనే బ్యాటు నిలుస్తుంది. కొన్న బ్యాటునైనా వానాకాలంలో తడి తగలకుండా దాచాలి, సన్నని చీలిక కనిపించినా ఆ రోజే పక్కన పెట్టాలి. నొక్కులు, పగుళ్లు పడిన అల్యూమినియం బ్యాటుకూ ఇదే వర్తిస్తుంది.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం నా సలహా వేరు. నిండు చెక్క బ్యాటు బరువు వారి మణికట్లకు ఎక్కువ, అదుపు తప్పి చేజారే అవకాశమూ ఉంది. వారికి 2018 నుంచి అమలైన యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర గల తేలికపాటి బ్యాటు తగినది, ఎందుకంటే దాని ప్రమాణాన్ని చెక్క బ్యాటు పనితీరును దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. అదీ దొరకకపోతే గట్టి తోలు బంతికి బదులు మెత్తటి శిక్షణ బంతి వాడితే చాలా మేరకు ప్రమాదం తగ్గుతుంది.

బ్యాటు ఏదైనా, సాధనలో బంతులు విసిరే వ్యక్తి ముందు వల బిగించిన అడ్డుచట్రం పెట్టాలి. ఇనుప గొట్టాలు, గట్టి నైలాన్ వల ఉంటే వెల్డింగు దుకాణంలోనే దాన్ని చేయించుకోవచ్చు. ఏడాదికి కొనే బ్యాట్లలో ఒకటి తగ్గించుకుని అయినా ముందు దాన్ని సమకూర్చాలని వ్యాయామ ఉపాధ్యాయులను కోరుతున్నాను.