పెళ్లికి ముత్యాల దండా, పచ్చపూసల హారమా?

ఇప్పుడు వరంగల్, హన్మకొండ దిక్కు ఏ పెళ్లికి పోయినా ఆడోళ్ల మెడల్లో ఈ రెండే ఎక్కువ కనిపిస్తున్నయి, ఒకటి ముత్యాల వరసలు, ఇంకోటి బంగారు లాకెట్‌కు పచ్చపూసలు గుచ్చిన పెద్ద హారం. ఫొటోల మటుకు పచ్చదే గెలుస్తది, పట్టుచీర మీద ఆ రంగు అట్ల ఎగిరి కనిపిస్తది మరి. పైసలు పెట్టేటప్పుడు లెక్క వేరే.

హైదరాబాద్ ముత్యాలు అంటం గానీ మూసీలో ఏం పుట్టవు అవి. ఒకప్పుడు గల్ఫ్ సముద్రం నుంచి బస్రా ముత్యాలు వచ్చేటివి, ఇప్పుడు చార్మినార్ కాడ పత్తర్‌గట్టిలో దొరికేవి చాలామట్టుకు చైనా మంచినీటి ముత్యాలే, ఇక్కడ జరిగేది ఏరుడు, బెజ్జం వేసుడు, గుచ్చుడు. చైనా అనంగనే మొహం మాడ్చుకోవద్దు. సముద్రం ముత్యాల్లో చాలావరకు లోపల ఒక గుండు పెట్టి దాని మీద పొర ఎక్కేటట్టు పెంచుతరు, మంచినీటి వాటిల్లో ఎక్కువగా ఆ గుండు ఉండదు, లోపలిదాకా ముత్యమే. ఒక్క ఆల్చిప్పలోనే బోలెడన్ని కాస్తయి కాబట్టి అగ్గువ, అంతే.

నకిలీదా అని డౌటొస్తే బెజ్జం కాడ చూడండి, ఫోన్ కెమెరా జూమ్ చేసినా చాలు. ప్లాస్టిక్‌దో గాజుదో అయితే అంచు మీద పూత పొట్టులెక్క లేచి లోపల వేరే రంగు కనిపిస్తది. రెండు ముత్యాలు ఒకదానికొకటి రాస్తే అసలువి జర గరుకు తగుల్తయి, నకిలీవి నున్నగ జారుతయి. గుచ్చినకాడ ముత్యానికీ ముత్యానికీ నడుమ ముడి ఉందా చూడాలె, ముడి ఉంటే తాడు తెగినా ఒక్కటే పోతది, ఫంక్షన్ హాల్‌లో కుర్చీల కింద వెతుక్కునే పని తప్పుతది.

ముత్యం సున్నం జాతిది, పులుపు, సెంటు, చెమట పడవు. మన మే నెల పెళ్లిళ్లల్ల వేసుకున్నంక మెత్తటి బట్టతో తుడిచి పెట్టాలె. సింగారమంతా అయినంకనే మెడల వేసుకోవాలె.

ఇగ పచ్చపూసలు. అసలు పచ్చ (ఎమరాల్డ్) గట్టి రాయే గానీ లోపల సన్న చీలికలుంటయి, అవి కనపడకుండా నూనె పట్టిస్తరు, అందుకే వేడినీళ్లల్ల కడిగితే ఆ మెరుపు పోతది. తక్కువ రేటుకు పెద్ద పెద్ద పూసలు, అన్నీ ఒకే రంగు, ఒక్క మచ్చ లేకుండ ఉన్నయంటే రంగేసిన క్వార్ట్జ్ అనే అగ్గువ రాయో గాజో అనుకోండి. అందానికి వేసుకుంటే తప్పేం లేదు, పచ్చల రేటు పెట్టి కొనుడే తప్పు.

అసలు దెబ్బ తూకం కాడ పడ్తది. హారం మొత్తం 40 గ్రాములు తూగింది, అందులో రాళ్లు, లోపల నింపిన లక్క కలిసి 12 గ్రాములు అనుకోండి, అది తీసెయ్యకుండ బిల్లేస్తే లక్కకు కూడా బంగారం రేటు కట్టినట్టే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు వేరేగ ఉండే 6 అక్షరాలు-అంకెల కోడ్, ఉండాలె, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్కోవచ్చు, కానీ అది చెప్పేది బంగారం సంగతే, రాళ్ల గురించి కాదు. పైగా కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్లు పొదిగిన నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, మన పెళ్లి హారాలు చాలా ఆ టైపువే. తిరిగి అమ్మేటప్పుడు కూడా రాళ్లు తీసేసే లెక్కగడ్తరు.

ముత్యాల దండను తిరిగి తీస్కునేటోళ్లు తక్కువే, కాకపోతే అందులో పెట్టే పైసలు తక్కువ. (తక్కువలో చేతిపని కావాలంటే కరీంనగర్ వెండి తీగపని కమ్మలు ముత్యాల పక్కన మంచిగుంటయి.)

నా ఓటు ముత్యాలకే, చీరకైనా డ్రెస్‌కైనా నప్పుతయి, బతుకమ్మకైనా ఆఫీసుకైనా వేస్కోవచ్చు. పచ్చహారం పెళ్లికూతురికే కొనండి, అది కూడా బంగారం బరువు, రాళ్ల బరువు (క్యారెట్లల్ల) బిల్లు మీద వేర్వేరుగ రాసిస్తనంటేనే. 5 క్యారెట్లు అంటే 1 గ్రాము, అక్కడే నిలబడి లెక్క చూస్కోండి.