ట్యాంకు లెవల్ కంట్రోలర్: చవ్వ నీళ్ళతో ఆరేళ్ళు నడిపాక

ట్యాంకు ఖాళీ అయితే మోటారు వేసి, నిండితే ఆపే ఈ కంట్రోలర్‌లో గోడకు బిగించిన పెట్టె ఇంతవరకు చెడలేదు. ఆరేళ్ళలో మార్చినవన్నీ దానికి బయట ఉన్నవే: స్టీలు సెన్సర్లు మూడు సెట్లు, మేడ మీది వైరు ఒకసారి పూర్తిగా, ఒక అడాప్టరు. కొనేటప్పుడు అందరూ చూసేది పెట్టె మీది లైట్లు, డిస్‌ప్లే. పాడయ్యేది మాత్రం ట్యాంకులో వేలాడేది.

వాడిన చోటు ఇది: సంపు నుంచి రెండో అంతస్తు పైనున్న 1,000 లీటర్ల ట్యాంకుకు 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు (పంపూ మోటారూ ఒకే ముక్కగా ఉండేది). సంపులో మున్సిపల్ నీళ్ళూ బోరు నీళ్ళూ కలిసే ఉంటాయి. కుళాయిల మీద నెల తిరక్కుండానే తెల్ల మరకలు పట్టేంత చవ్వ నీళ్ళు. మంచి నీళ్ళున్న ఊళ్ళో ఇదే సామాను ఇంకా ఎక్కువ కాలం రావచ్చు.

ముందు ఒక లోపం చెప్పాలి, అది ఏ దుకాణంలోనూ చెప్పరు. స్టీలు కడ్డీల సెన్సర్‌లో అడుగున ఒక కామన్ కడ్డీ, కింది మట్టానికి ఒకటి, పై మట్టానికి ఒకటి ఉంటాయి. నీళ్ళు పై కడ్డీని తాకితే సర్క్యూట్ పూర్తయి మోటారు ఆగుతుంది. మరి వైరు తెగితే? సర్క్యూట్ పూర్తి కాదు. అంటే తెగిన వైరూ ఖాళీ ట్యాంకూ పెట్టె లెక్కలో ఒకటే. మోటారు నడుస్తూనే ఉంటుంది. పొంగకుండా కాపాడాల్సిన సామానే చెడినప్పుడు పొంగిస్తుందన్నమాట. నిమిషానికి 40 లీటర్లు ఎక్కించే మోటారు అరగంట అదనంగా తిరిగితే 1,200 లీటర్లు మేడ మీద పడతాయి. అవి పిట్టగోడ మూలల్లో నిలిచి, శ్లాబు నెర్రెల్లోకి దిగి, కింది గది సీలింగు పెయింటు ఉబ్బేదాకా బయటపడవు.

అందుకే కొనేటప్పుడు ‘గరిష్ఠ సమయం’ పెట్టుకునే టైమరు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు మోటారు వేసి, నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి చూడండి. 25 నిమిషాలైతే టైమరు 35 దగ్గర పెట్టండి. సెన్సర్ ఏం చెప్పినా అప్పటికి మోటారు ఆగిపోవాలి. ఈ సదుపాయం లేని పెట్టె ఎంత చవకైనా వద్దు.

కడ్డీలకు సున్నం పట్టడానికి కారణం నీళ్ళొక్కటే కాదు. చవక పెట్టెలు కడ్డీలకు ఒకే దిక్కుగా పారే డీసీ కరెంటు ఇస్తాయి. దాంతో ఒక కడ్డీ మెల్లగా తినుకుపోతుంది, ఇంకోదానికి తెల్లటి పొర పేరుకుంటుంది. కామన్ కడ్డీ ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి దెబ్బ ఎక్కువగా దానికే. దిక్కు మారుతూ పారే ఏసీ కరెంటుతో పనిచేసే సెన్సర్లు ఇంతకంటే చాలా మేలు. పొర పట్టాక నిమ్మ ఉప్పు రెండు చెంచాలు అరలీటరు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, కడ్డీలను అరగంట నానబెట్టి, గిన్నెలు తోమే పీచుతో రుద్దితే సరిపోతుంది. మూడు నెలలకోసారి చాలు. బాత్రూం యాసిడ్ మాత్రం వాడొద్దు, స్టీలుకు గుంటలు పడతాయి.

అయస్కాంతం ఉన్న ఫ్లోట్ సెన్సర్ ఈ విషయంలో నయం, కరెంటు నీళ్ళను తాకదు. కానీ కాడకు సున్నం పడితే ఫ్లోట్ మధ్యలోనే ఇరుక్కుంటుంది. పాత ఇనుప పైపుల ఇళ్ళలో తుప్పు రజను కూడా దానికి అంటుకుంటుంది. వేలితో పైకీ కిందికీ ఆడించి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

వైరుకు వేలాడే ఫ్లోట్ స్విచ్ ఒకటి దొరుకుతుంది. మట్టం తగ్గినప్పుడు కలిసేలా బిగిస్తే, వైరు తెగిన రోజు మోటారు ఆగిపోతుంది, పొంగదు. ఆ గుణం నాకు నచ్చింది. అయితే చాలామంది ఎలక్ట్రీషియన్లు మోటారు 230 వోల్టుల లైన్‌నే దాని గుండా తీసుకెళ్తారు. ఆ వైరు ఉండేది మీరు స్నానం చేసే నీళ్ళలో! తక్కువ వోల్టేజీతో రిలేకు (చిన్న కరెంటుతో మోటారు లైనును కలిపే స్విచ్చు) కలపాలి, లైనుకు కరెంటు లీకైతే వెంటనే కోసేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. లోపలి తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మల్టీమీటర్‌తో చూసుకునే కలపండి.

బిగింపులో జరిగే తప్పులు మరీ చిన్నవి. పై సెన్సర్ ఓవర్‌ఫ్లో పైపుకు కనీసం 4 అంగుళాలు కిందుండాలి. నీళ్ళు పడే ధార కింద వేలాడదీస్తే ట్యాంకు సగంలోనే నిండిందనుకుని మోటారు ఆగుతుంది. చిల్లులు వేసిన ఒకటిన్నర అంగుళాల పీవీసీ ముక్కలో దించితే ధారా తగలదు, అలలకూ ఊగదు. వైరు జాయింట్లు ట్యాంకు మూత దగ్గర పెట్టొద్దు, అక్కడ ఎప్పుడూ ఆవిరి చెమ్మే. మేడ మీది వైరును పైపులో వేయకపోతే ఎండకు పైతొడుగు పెళుసుబారుతుంది. అంతకుముందే కోతులు పీకకపోతే.

ఇన్ని చూసుకున్నా ఓవర్‌ఫ్లో పైపే చివరి రక్ష. ఎక్కే పైపు 1 అంగుళమైతే ఇది కనీసం ఒకటిన్నర ఉండాలి, ఎందుకంటే ఎక్కే నీళ్ళు మోటారు తోస్తే వస్తాయి, పోయేవి వాటి బరువుకే పోవాలి. దోమల జాలీ పెడితే నాచు పట్టకుండా కడగండి. నీళ్ళు మేడ మీద వదలకుండా గేటు దగ్గరో వాకిట్లోనో నలుగురికీ కనబడేలా పడనివ్వండి. మోటారు ఎక్కించే పైపుకు బాల్ వాల్వ్ (బంతి తేలితే మూసుకునేది) బిగించి ‘ఇక పొంగదు’ అనుకోవడం ఇంకో పొరపాటు. వాల్వ్ మూసుకున్నాక కూడా మోటారు తోస్తూనే ఉంటుంది, గోడలోని జాయింటు వదిలేయొచ్చు. బాల్ వాల్వ్ చోటు సంపుకొచ్చే మున్సిపల్ కనెక్షన్ దగ్గర.

డ్రై రన్ (నీళ్ళు లేకుండా మోటారు తిరగడం) నుంచి రక్షణ సంగతి: సంపులో సెన్సర్‌ను, పైపు అడుగున నీళ్ళు వెనక్కి దిగకుండా ఆపే ఫుట్ వాల్వ్‌కు అరడుగు పైన పెట్టాలి. కానీ ఫుట్ వాల్వ్ కారి పైపులో నీళ్ళు దిగిపోతే, సంపు నిండుగా ఉన్నా మోటారు వట్టిగా తిరుగుతుంది. సంపు సెన్సర్‌కు అది తెలియదు. మోటారు తీసుకునే కరెంటు తగ్గడాన్ని పసిగట్టే రకమైతే ఆపుతుంది. ఏప్రిల్, మేలో అడుగంటే బోర్లకూ అదే సరైనది.

సబ్‌మెర్సిబుల్ ఉన్నవాళ్ళు ఇంకోటి అడగాలి. స్టార్టర్ ప్యానెల్‌లో ఆకుపచ్చ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కి వదిలే రకమైతే, మోనోబ్లాక్ కోసం చేసిన పెట్టె దానికి పనికిరాదు. స్టార్టుకూ స్టాపుకూ విడివిడి రిలేలున్న మోడల్ తీసుకోండి. బోరు పది నిమిషాలకే ఆగి మళ్ళీ ఊరాల్సిన ఇళ్ళలో అయితే, ఊట కోసం ఆగి తిరిగి వేసే టైమరు లేకుండా ఏ పెట్టె కొన్నా రోజుకు పదిసార్లు మీరే మేడ ఎక్కాలి.